కాగితపు గుమాస్తాలు: సాంకేతిక విషయాన్ని నవ్విస్తూ చెప్పే కార్టూన్ వీడియో ఇంట్లోనే చేయడం ఎలా

నా మొదటి వీడియో ఎన్‌క్రిప్షన్ గురించి, అంటే సమాచారాన్ని ఇతరులు చదవలేని రహస్య రూపంలోకి మార్చడం గురించి. నాలుగు నిమిషాలు. మధ్యలో విసుగు పుడుతుందేమోనన్న భయంతో, ఏ సంబంధం లేకుండా, ఒక పిల్లి మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ పడే సీను పెట్టాను. అందరూ పగలబడి నవ్వారు. వారం తర్వాత ఒక స్నేహితుణ్ని అడిగాను, "ఆ వీడియోలో ఏం చెప్పానో గుర్తుందా?" అని. "పిల్లి పడింది కదా," అన్నాడు. "ఇంకా?" అంటే కాస్త ఆలోచించి, "తర్వాత దానికేమైనా అయిందా?" అని అడిగాడు. మూడు వారాల పని పిల్లి పాలైంది.

ఆ రోజు నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను. నవ్వు విషయంలోంచే పుట్టాలి. జోకును తీసేస్తే వివరణ కూడా కూలిపోవాలి. అలా కూలిపోకపోతే ఆ జోకు పిల్లే. కింద చెప్పే పద్ధతంతా ఈ నియమం చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణగా నేను తర్వాత చేసిన రెండు నిమిషాల వీడియోనే తీసుకుంటాను. వెబ్‌సైటు పేరు టైపు చేస్తే కంప్యూటరుకు దాని చిరునామా ఎలా దొరుకుతుంది, అంటే డీఎన్ఎస్ ఎలా పనిచేస్తుందన్నది విషయం. కావలసినవి ఫోను, రంగు కాగితాలు, కత్తెర, రెండు టేబుల్ ల్యాంపులు, కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు. బొమ్మలు గీయడం రాకపోయినా పరవాలేదు. నాకూ రాదు.

ఒకే ప్రశ్న

"ఇంటర్నెట్ ఎలా పనిచేస్తుంది" అనేది వీడియోకు సరిపోయే విషయం కాదు, అదొక చేట భారతం. రెండు నిమిషాల్లో ఒక ప్రశ్నకు జవాబు చెప్పగలం, అంతే. ఆ ప్రశ్నను ఒక కాగితం మీద, చూసేవాడి మాటల్లో రాసి గోడకు అంటించండి. నేను రాసుకున్నది ఇది: "నేను పేరు టైపు చేశాను, కంప్యూటరుకు అర్థమయ్యేది నంబరు. మరి ఆ నంబరు ఎవరు చెప్పారు?"

తర్వాత ఆ విషయాన్ని దాని గురించి ఏమీ తెలియని ఒకరికి, కాగితం, పెన్ను లేకుండా, నోటితోనే చెప్పి చూడండి. వాళ్ళు ఎక్కడ "ఎందుకు?" అన్నారో, ఎక్కడ ఊరికే తల ఊపారో గుర్తుపెట్టుకోండి. "ఎందుకు" అన్న చోట మీ వీడియోకు సీను ఉంది. తల ఊపిన చోట మీ వివరణలో కన్నం ఉంది.

ఈ దశలోనే కోయడం మొదలవుతుంది, అదే కష్టం. డీఎన్ఎస్‌కు మంచి చరిత్ర ఉంది. మొదట్లో నెట్‌వర్కులోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో ఉండేవి, అందరూ దాన్నే తెచ్చుకుని వాడుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఒక్క ఫైలుతో నెగ్గుకురాలేక 1983లో పాల్ మొకాపెట్రిస్ ఈ కొత్త ఏర్పాటును రూపొందించాడు. ఈ కథంటే నాకు చాలా ఇష్టం. దానికోసం నలభై సెకన్ల సీను కూడా రాసుకున్నాను. గోడ మీది ప్రశ్న చూశాను. ఆ సీను ఆ ప్రశ్నకు జవాబు కాదు. తీసేశాను.

నవ్వు ఎక్కడ దాగుందో వెతకడం

మీ విషయంలో పని జరిగే వరసను అంచెలంచెలుగా రాయండి. ఒక్కో అంచె దగ్గర ఆగి ఒకటే అడగండి: "ఇదే పని మనుషులు చేస్తే ఎంత వింతగా ఉంటుంది?"

డీఎన్ఎస్‌లో వరస ఇదీ. మీ తరఫున చిరునామా వెతికిపెట్టే సర్వర్, అంటే అడిగినవాళ్ళకు జవాబిచ్చే కంప్యూటరు, ఒకటి ఉంటుంది, దాన్ని రిజాల్వర్ అంటారు. దానికి జవాబు తెలియకపోతే అన్నిటికన్నా పైనుండే రూట్ సర్వర్‌ను అడుగుతుంది. రూట్‌కు ఆ చిరునామా తెలియదు, కానీ డాట్ కామ్ సంగతి చూసే సర్వర్లు ఎక్కడున్నాయో చెబుతుంది. వాటికీ చిరునామా తెలియదు, కానీ ఆ వెబ్‌సైటు వివరాలు ఉంచుకున్న సర్వర్ ఏదో చెబుతాయి. ఆ చివరిది చెబుతుంది అసలు నంబరు, అది ఎంతసేపు చెల్లుతుందో కూడా.

ఇది రాస్తూంటే నాకే నవ్వొచ్చింది. ఎవరికీ జవాబు తెలియదు, అందరికీ తెలిసినవాడు తెలుసు! ఏ ఆఫీసులోనైనా ఒక సంతకం కోసం మూడు గదులు తిరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. జోకు నేను కల్పించలేదు, ఆ ఏర్పాటులోనే ఉంది. నేను చేసిందల్లా సర్వర్లకు కళ్ళద్దాలూ మీసాలూ పెట్టడమే. రిజాల్వర్ ఒక కుర్రాడు, మిగతావాళ్ళు ముగ్గురు గుమాస్తాలు, అందులో రూట్ సర్వర్ పెద్ద గుమాస్తా.

సాంకేతిక విషయాల్లో నవ్వు దొరికే చోట్లు నాకు కనిపించినంతలో కొన్నే. యంత్రం మాటను అక్షరాలా పాటిస్తుంది, మనిషి అలా పాటిస్తే వెర్రివాడంటాం. ఒకే పనిని అలుపు లేకుండా లక్షసార్లు చేస్తుంది. చిన్న పనికి పెద్ద తతంగం నడుపుతుంది. అన్నిటికన్నా పనికొచ్చేది, పొరపాటు చేసేటప్పుడు కూడా పూర్తి ఆత్మవిశ్వాసంతో చేస్తుంది. ఈ చివరిదాన్ని వదలకండి. సాధారణంగా వీడియో ముగింపు అక్కడే దొరుకుతుంది.

నాకు అలాగే దొరికింది. ఒకసారి తెలిసిన చిరునామాను రిజాల్వర్ కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే క్యాష్ అంటారు. మా కుర్రాడు నంబరును అరచేతిలో రాసుకుంటాడు. మళ్ళీ ఎవరైనా అడిగితే పరుగు లేదు, చెయ్యి చూపిస్తాడు. ఆ సిరా మామూలుది కాదు, గుమాస్తా చెప్పిన గడువు, ఉదాహరణకు 3600 సెకన్లు, కాగానే దానంతట అదే మాసిపోతుంది. ఈలోపు వెబ్‌సైటు ఇల్లు మారిందనుకోండి? కుర్రాడు గర్వంగా అదే చెయ్యి చూపిస్తాడు. వెళ్ళినవాడికి ఖాళీ ఇల్లు. వెబ్‌సైటును కొత్త సర్వర్‌కు మార్చినప్పుడు కొందరికి కొంతసేపు కొత్తది ఎందుకు కనబడదో చూసేవాళ్ళకు నవ్వుతూనే తెలిసిపోయింది, నేను "గడువు" అన్న మాటకు నిర్వచనం చెప్పకుండానే.

పోలిక అబద్ధం చెబుతుందేమో చూసుకోండి

ప్రతి పోలికా ఎక్కడో ఒకచోట తెగుతుంది. అది ఎక్కడ తెగుతుందో మీకు ముందే తెలిసుండాలి. నా మొదటి స్క్రిప్టులో పెద్ద గుమాస్తా గది నుంచే "ఓయ్, ఈ కుర్రాడి సంగతి చూడు" అని పక్క గదికి కేకేసేవాడు, జవాబు చేతులు మారుతూ వచ్చేది. నెట్‌వర్క్ పని తెలిసినాయన ఒకాయన చూసి "తప్పు" అన్నారు. రూట్ సర్వర్ తానుగా ఎవరినీ అడగదు, దారి చెప్పి ఊరుకుంటుంది. మళ్ళీ అడగాల్సింది రిజాల్వరే. అంటే కుర్రాడే ప్రతిసారీ పరుగెత్తాలి. మార్చాను. తమాషా ఏమిటంటే, మార్చాక ఇంకా ఎక్కువ నవ్వు వచ్చింది, ఎందుకంటే మూడోసారికి కుర్రాడు రొప్పుతున్నాడు. ఇలా చాలాసార్లు జరిగింది. నిజానికి దగ్గరగా జరిపినకొద్దీ జోకు పదునెక్కుతుంది.

రూట్ సర్వర్లు పదమూడు అని ఎక్కడో చదివి, ఒక గదిలో పదమూడు మంది ముసలి గుమాస్తాలను కూర్చోబెడదామనుకున్నాను. పదమూడు అన్నది పేర్ల లెక్క, ఆ పేర్లతో ప్రపంచమంతటా పనిచేసే యంత్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. బొమ్మ బాగుంది, మాట తప్పు. వదిలేశాను. పదమూడు బొమ్మలు కత్తిరించే బాధ కూడా తప్పిందనుకోండి.

ఇంకో చిక్కు సమయం. ఈ పరుగులన్నీ నిజంగా జరిగేది సెకనులో చిన్న వంతులో, మామూలుగా కొన్ని పదుల మిల్లీసెకన్లలో. వీడియోలో నిమిషం పట్టింది. చూసేవాళ్ళు ఇదంతా నెమ్మదైన పని అనుకుంటారు. దీనికి "గమనిక" అంటూ అక్షరాలు వేయడం కన్నా ఒక ఉపాయం తట్టింది. వీడియో మొదట్లో కంప్యూటరు ముందు కూర్చున్న ఆవిడ ఎంటర్ నొక్కి, రెప్ప వేయడం మొదలుపెడుతుంది. మధ్యమధ్యలో ఆవిణ్ని చూపిస్తే రెప్ప ఇంకొంచెం కిందికి దిగి ఉంటుంది. కుర్రాడు మూడు గదులూ తిరిగి నంబరు తెచ్చేసరికి రెప్ప ఇంకా పూర్తిగా మూతపడదు. తెలుగులో రెప్పపాటు అనే మాట ఊరికే పుట్టలేదు.

స్క్రిప్టు

కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు వినబడేది, కుడివైపు కనబడేది. రెండు వైపులా ఒకే సంగతి ఉంటే ఒకటి కొట్టేయండి. కుర్రాడు పరుగెత్తడం కనబడుతూంటే "కుర్రాడు పరుగెత్తాడు" అని గొంతు చెప్పక్కర్లేదు. గొంతు ఒకటి చెబుతూ, బొమ్మ దానికి కాస్త అడ్డం తిరిగితే ఇంకా బాగుంటుంది. నా వీడియోలో గొంతు "ఇది చాలా చక్కగా నడిచే ఏర్పాటు" అంటూంటే బొమ్మలో పెద్ద గుమాస్తా ఫైళ్ళ గుట్ట వెనక నుంచి కనబడడానికి కుర్చీ ఎక్కుతూ ఉంటాడు.

నా స్క్రిప్టులో ముక్క ఇది:

కుర్రాడు: అయ్యా, ఎగ్జాంపుల్ డాట్ కామ్ గారి ఇల్లెక్కడండీ?
పెద్ద గుమాస్తా: (తల ఎత్తకుండా) నాకు తెలీదు. చివర ఏముంది?
కుర్రాడు: కామ్ అండీ.
పెద్ద గుమాస్తా: కామ్ వాళ్ళ గది అటు. తర్వాత!
(కుర్రాడి వెనక ఎవరూ లేరు.)
రెండో గుమాస్తా: ఇల్లు నాకు తెలీదు బాబూ. ఇల్లు తెలిసినాయన తెలుసు.
కుర్రాడు: (మనకేసి చూసి) ఈయనా అంతే.
మూడో గుమాస్తా: నాకు తెలుసు.
(కుర్రాడు నమ్మలేక అక్కడే నిలబడిపోతాడు.)

మూడుసార్లు అనే లెక్క గమనించండి. మొదటిసారి సంగతి తెలుస్తుంది, రెండోసారి "ఓహో, ఇదీ వరస" అని చూసేవాళ్ళు ఊహించడం మొదలుపెడతారు, మూడోసారి ఆ ఊహ తలకిందులవుతుంది. నాలుగోసారి చెబితే విసుగు. అదృష్టం కొద్దీ డీఎన్ఎస్‌లోనే అంచెలు మూడున్నాయి.

ఎగ్జాంపుల్ డాట్ కామ్ అన్న పేరు ఇలాంటి ఉదాహరణల కోసమే కేటాయించి పెట్టినది, నిశ్చింతగా వాడుకోవచ్చు. ఏదో ఒక పేరు మీరే కల్పించి పెడితే అది నిజంగా ఎవరిదో అయ్యుండొచ్చు.

నిడివి సంగతి: స్పష్టంగా చదివితే నా గొంతుకు నిమిషానికి సుమారు 110 మాటలు వస్తాయి. మీది మీరు గడియారం పెట్టుకుని కొలుచుకోండి. రెండు నిమిషాలకు 220 మాటలు రాయొద్దు, 160 దగ్గర ఆపండి. మిగిలిన సమయం చూపులకూ, మౌనానికీ, ఆ "తర్వాత!" అన్న కేకకూ కావాలి. రాసింది పైకి చదవండి. నాలుక తడబడిన చోటల్లా వాక్యం పుస్తకంలోంచి వచ్చిందని లెక్క. "అభ్యర్థనను స్వీకరించి ప్రతిస్పందిస్తుంది" అని రాసుకున్నాను ఒకచోట. నోటితో అనబోతే నాకే నవ్వొచ్చింది. "అడిగితే చెబుతుంది" అని మార్చాను.

ముందు గొంతు, తర్వాతే బొమ్మ

చాలామంది బొమ్మలు తీసేసి తర్వాత గొంతు అతికిస్తారు. అలా చేస్తే నటన చచ్చిపోతుంది. కార్టూన్లలో మాట ముందు రికార్డు చేసి, దానికి తగ్గట్టు బొమ్మను కదపడమే సులువు.

బట్టలతో నిండిన అల్మారా తలుపు తెరిచి, అందులోకి మొహం పెట్టి మాట్లాడండి. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాను ఆపండి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మైకు నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కగా ఉండాలి. సూటిగా ఉంటే ప, ఫ, భ పలికినప్పుడు గాలి కొట్టి "డబ్" మంటుంది. మొదట ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ నిశ్శబ్దాన్ని నమూనాగా చూపించి, మిగతా రికార్డింగులో ఉన్న హోరును తగ్గించొచ్చు. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది, జాగ్రత్త.

ఒక్కో డైలాగును నాలుగైదు రకాలుగా చెప్పండి. విసుగ్గా, తొందరగా, నిద్రమత్తుగా, మరీ అతిగా. వినేటప్పుడు మీకు వింతగా అనిపించినదే పెట్టుకోండి. నా పెద్ద గుమాస్తా గొంతు, జలుబు చేసిన రోజు చెప్పింది. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా అలా రాలేదు.

గొంతులన్నీ వరసలో పెట్టాక, ఒక్కో సీనుకు పిచ్చిగీతలతో ఒక చీటీ గీసి, ఫొటో తీసి, ఆ గొంతుల మీద పరచండి. కడ్డీ మనుషులు చాలు. ఈ ముతక వీడియోను యానిమాటిక్ అంటారు. ఇది ఒక సాయంత్రం పని, కానీ వారాల పనిని కాపాడుతుంది. ఇద్దరికి చూపించండి. కడ్డీ మనుషులతో నవ్వు రాకపోతే రంగు కాగితంతోనూ రాదు. నాది మొదట రెండు నిమిషాల యాభై సెకన్లుంది. చూసేవాళ్ళ కళ్ళు ఫోను మీద నుంచి పక్కకు పోయిన రెండు చోట్ల కోస్తే రెండు నిమిషాల ఐదు సెకన్లకు దిగింది.

బొమ్మలు

నీడ చూసి ఎవరో చెప్పగలిగేలా ఒక్కొక్కరికి ఒక్కో ఆకారం ఇవ్వండి. పెద్ద గుమాస్తా పెట్టెలా చతురస్రం, రెండోవాడు పొడుగ్గా సన్నగా, మూడోవాడు గుండ్రం, కుర్రాడు త్రికోణం. దళసరి కాగితం వాడండి, పలచటిది ల్యాంపు వేడికి అంచులు పైకి లేస్తుంది. తల, మొండెం, చేతులు విడివిడిగా కత్తిరించి, గోడకు పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్దతో వెనక నుంచి అతికిస్తే కావలసినట్టు తిప్పొచ్చు. మెరిసే కాగితం వద్దు, కెమెరాలో తెల్లటి మచ్చలు పడతాయి. ప్రతి బొమ్మకూ రెండేసి చేతులు అదనంగా కత్తిరించి పెట్టుకోండి. చిరుగుతాయి.

ఇక నోళ్ళు. మాటకు తగ్గట్టు పెదవులు కదపాలంటే భయపడతారు. ఆరు నోళ్ళు చాలు: మూసినది (మ, బ, ప), బాగా తెరిచినది (ఆ), పక్కలకు సాగినది (ఈ, ఏ), గుండ్రంగా ముందుకొచ్చినది (ఊ, ఓ), పై పళ్ళు కింది పెదవిని తాకేది (ఫ, వ), మిగతా హల్లులన్నిటికీ కొంచెం తెరిచినది. వీటిలో కచ్చితంగా కుదరాల్సింది ఒక్కటే, మ, బ, ప దగ్గర పెదవులు మూసుకోవాలి. అది కుదిరితే మిగతాది చూసేవాళ్ళ మెదడు సర్దుకుంటుంది. కుదరకపోతే డబ్బింగ్ బొమ్మలా కనిపిస్తుంది.

ఇంకా తేలిక దారి, నోరు కనబడకుండా చేయడం. పెద్ద గుమాస్తాకు ఇంత లావు మీసం పెట్టాను. మాట్లాడినప్పుడు మీసం పైకీ కిందికీ ఊగుతుంది, అంతే. పని తప్పించుకోవడానికి చేసిన ఈ ఏర్పాటే వీడియోలో అందరికీ నచ్చిన సంగతి.

కాగితం పట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళు ఇదే పనిని కంప్యూటర్లో చేయొచ్చు. క్రిటా, పెన్సిల్2డీ, ఓపెన్‌టూన్జ్ ఉచితంగా దొరుకుతాయి. బ్లెండర్‌లో గ్రీజ్ పెన్సిల్ అనే సాధనం కూడా ఉంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నా సలహా అడిగితే మొదటి వీడియో కాగితంతోనే చేయండి. తప్పు చేసినప్పుడు కాగితం నవ్విస్తుంది, సాఫ్ట్‌వేర్ ఏడిపిస్తుంది.

చిత్రీకరణ

బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, వాటిని వరసగా ఆడిస్తే బొమ్మ కదిలినట్టుంటుంది. దీన్నే స్టాప్ మోషన్ అంటారు, ఒక్కో ఫొటోను ఫ్రేము అంటారు. ఫోను బల్లకు పైన, కిందికి చూస్తూ, ఇసుమంతైనా కదలకుండా ఉండాలి. రెండు వైపులా పుస్తకాల దొంతరలు పేర్చి, వాటి మీద రెండు గట్టి స్కేళ్ళు అడ్డంగా పెట్టి, ఫోనును వాటికి టేపుతో బిగించినా చాలు. బల్ల కాళ్ళు నేల మీద ఎక్కడున్నాయో కూడా టేపుతో గుర్తు పెట్టండి. నాకు సగం సీను తీశాక ఎవరో బల్లను తగిలి వెళ్ళారు. పెద్ద గుమాస్తా గది మొత్తం ఒక్క ఫ్రేములో అర అంగుళం ఎగిరింది. మళ్ళీ తీసే ఓపిక లేక, అక్కడ కుర్రాడు తలుపు ధడాలున వేసిన శబ్దం పెట్టాను. ఇప్పుడది జోకు.

కిటికీ వెలుతురు నిమిష నిమిషానికీ మారుతుంది, వీడియోలో అది మెరుపుల్లా కనబడుతుంది. కాబట్టి తెరలు వేసేసి, రెండు ల్యాంపులను ఎడమా కుడీ వైపుల నుంచి ఏటవాలుగా పెట్టండి. ఫోనులో ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడింటినీ లాక్ చేయండి. ఆటోలో వదిలేస్తే మీ చెయ్యి పక్కకు తీసిన ప్రతిసారీ రంగు మారుతుంది. అయినా మిణుకుమిణుకుమంటూంటే దోషం కరెంటుది. కరెంటు 50 హెర్ట్జ్ అయితే షట్టరు వేగం 1/50 లేదా 1/100 పెట్టండి, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120. తెల్ల చొక్కా వేసుకుని తీయకండి, దాని వెలుగు బొమ్మల మీద పడుతుంది. ఫొటో బటన్‌ను వేలితో నొక్కితే ఫోను అదురుతుంది. చాలా ఫోన్లలో తీగ ఇయర్‌ఫోన్ మీది వాల్యూమ్ బటన్ నొక్కినా ఫొటో పడుతుంది, అది వాడండి.

స్టాప్ మోషన్ యాప్ ఏదైనా సరే, వెనకటి ఫొటోను లీలగా చూపించే ఆనియన్ స్కిన్ సదుపాయం ఉంటే చాలు. సెకనుకు 12 ఫొటోలు పెట్టుకోండి. రెండు నిమిషాలకు 1440 అని గుండె ఆగక్కర్లేదు. ఎక్కువసేపు బొమ్మలు కదలకుండా నిలబడి ఉంటాయి, ఒకే ఫొటోను పునరావృతం చేసుకోవచ్చు. నాకు ఆరువందల చిల్లర ఫొటోలు పట్టాయి.

ఇక కదలిక, ఇక్కడే మజా అంతా. పన్నెండు ఫొటోల్లో బొమ్మను 24 సెంటీమీటర్లు జరపాలంటే ఒక్కోసారి సమానంగా 2 సెంటీమీటర్లు జరిపితే బొమ్మ సరుకులు మోసే బెల్టు మీద ఉన్నట్టుంటుంది. మొదట అర సెంటీమీటరు, తర్వాత ఒకటి, రెండు, మధ్యలో మూడు, నాలుగు, చివర్లో మళ్ళీ తగ్గిస్తూ వస్తే దానికి బరువొస్తుంది. పరుగుకు ముందు కుర్రాణ్ని మూడు ఫ్రేములు వెనక్కి వంచండి, తర్వాత ముందుకు దూకించండి. చూసేవాళ్ళకు ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది. ఆగేటప్పుడు ఒకటిన్నర సెంటీమీటరు ముందుకెళ్ళి వెనక్కి రావాలి. కనురెప్ప వేయడానికి రెండు మూడు ఫ్రేములు చాలు, ఆ కంప్యూటరు ముందున్నావిడ రెప్ప తప్ప!

జోకు పేలాక ఏమీ కదపకండి. ఇదే అన్నిటికన్నా కష్టం. "నాకు తెలుసు" అని మూడో గుమాస్తా అన్నాక కుర్రాణ్ని పద్దెనిమిది ఫ్రేములు, అంటే సెకనున్నర, బొమ్మలా నిలబెట్టాను. ఎనిమిదికి తగ్గిస్తే నవ్వు రాలేదు. ముప్ఫైకి పెంచితే వీడియో ఆగిపోయిందేమో అనుకున్నారు.

కూర్పు, శబ్దం, అక్షరాలు

ఎడిటింగుకు కేడెన్‌లైవ్, షాట్‌కట్ ఉచితం. డావిన్సీ రిజాల్వ్ ఉచిత రూపం కూడా ఉంది, దానికి కాస్త బలమైన కంప్యూటరు కావాలి. టైమ్‌లైన్‌ను సెకనుకు 24 ఫ్రేములకు పెట్టి, మీ 12 ఫొటోల వేగాన్ని అలాగే ఉంచండి, ఒక్కో ఫొటో రెండు ఫ్రేములు నిలబడుతుంది. నునుపు చేస్తామనే ఆప్షన్లను ముట్టుకోకండి. కాగితం కుదుపులోనే అందం ఉంది.

శబ్దాలు ఇంట్లోనే ఉన్నాయి. స్టాప్లర్ నొక్కితే గుమాస్తా ముద్ర, కాగితం నలిపితే ఫైళ్ళ గుట్ట కూలడం, బల్ల మీద వేళ్ళతో టకటకలాడిస్తే కుర్రాడి పరుగు. సంగీతం పెడితే మాట నడుస్తున్నంతసేపూ గొంతు కన్నా 18 నుంచి 20 డెసిబెళ్ళు తగ్గించండి, జోకు ముందు పూర్తిగా ఆపేయండి. హఠాత్తుగా వచ్చిన నిశ్శబ్దం మనిషిని తెరకేసి చూసేలా చేస్తుంది. వేరేవాళ్ళ సంగీతమైతే లైసెన్సు చదివి, పేరు వేయమంటే వేయండి.

తెలుగు అక్షరాలతో ఒక ప్రత్యేకమైన తలనొప్పి. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి, "సర్వర్" కాస్తా ముక్కలై కనిపిస్తుంది. దానితో గొడవ పడకండి. అక్షరాలు సరిగ్గా చూపించే ఇంక్‌స్కేప్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో రాసి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మగా మార్చి తెచ్చుకోండి. రామభద్ర, మండలి, సురవరం లాంటి ఫాంట్లు ఉచితం. లావు అక్షరాలున్న రామభద్ర శీర్షికలకు బాగుంటుంది, సబ్‌టైటిళ్ళకు మండలి మేలు. రెండు వరసలకు మించకండి. వరసల మధ్య ఇంగ్లిష్ కన్నా ఎక్కువ ఎడం ఇవ్వండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులను గుద్దుకుంటాయి.

ఇద్దరు పరీక్షకులు

పూర్తయిందనుకున్నాక ఇద్దరికి విడివిడిగా చూపించండి. ఒకరు విషయం బాగా తెలిసినవాళ్ళు, వాళ్ళను "తప్పెక్కడుంది?" అని మాత్రమే అడగండి. "బాగుందా?" అంటే మొహమాటానికి బాగుందంటారు. ఇంకొకరు ఏమీ తెలియనివాళ్ళు. వాళ్ళను నవ్వారా అని అడగొద్దు, నవ్వితే మీకే తెలుస్తుంది. మర్నాడు ఫోను చేసి, "నిన్న చూసింది నాకు చెప్పు" అనండి. మధ్యలో అందించకుండా వినండి. వాళ్ళు తప్పు చెప్పిన చోటు వాళ్ళ తప్పు కాదు, వీడియోదే. నా పరీక్షలో ఆవిడ అంతా సరిగ్గా చెప్పి, చివర "ఆ కుర్రాడు మా ఇంటి కంప్యూటర్లోనే ఉంటాడు కదా?" అన్నారు. రిజాల్వర్ మామూలుగా ఉండేది మన కంప్యూటర్లో కాదు, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ దగ్గరో ఇంకెక్కడో. కుర్రాడు ఎక్కడ కూర్చుంటాడో నేను చూపించనే లేదు. ఇంటికీ కుర్రాడి బల్లకూ మధ్య ఒక తీగ గీసి, మూడు సెకన్ల సీను మళ్ళీ తీశాను. బొమ్మలను పారేయకుండా కవర్లలో దాచి ఉంచడం అప్పుడు పనికొచ్చింది. మీరూ దాచండి, ల్యాంపులు ఎక్కడ పెట్టారో ఒక ఫొటో కూడా తీసి ఉంచుకోండి.

చివరికి 1920×1080 సైజులో, హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియోతో ఎంపీ4 ఫైలుగా తీయండి, దాదాపు అన్ని చోట్లా ఆడుతుంది. వీడియో మొత్తం శబ్ద స్థాయిని సుమారు -14 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచితే యూట్యూబ్ దాన్ని మళ్ళీ తగ్గించదు. ఎక్కించే ముందు ఒకసారి ఫోనులో, శబ్దం పూర్తిగా ఆపేసి చూడండి. ఆ తర్వాత తెర బోర్లా పెట్టి, మాట మాత్రమే వినండి. శబ్దం ఆపి చూసినప్పుడు నా వీడియోలో మూడో గుమాస్తా ఎవరో తెలియలేదు, బల్ల మీద పేరు రాసిన అట్టముక్క పెట్టడం మరిచిపోయాను. మళ్ళీ తెరలు వేసి, ల్యాంపులు వెలిగించి, ఇరవై రెండు ఫొటోలు తీశాను.